ఒక్క ఏడాది శిక్షణ, ఆ తర్వాత ఓడెక్కాలి: అమెరికా మిలిటరీ ఇంటర్న్‌షిప్ లెక్క

అమెరికా మెరైన్ పటాలాల్లో, అంటే నేవీతో కలిసి పనిచేసే సైనిక దళంలో, 'బెటాలియన్ సర్జన్' అని ఒక ఉద్యోగం ఉంది. పేరు విని కత్తి పట్టే మనిషి అనుకుంటాం గానీ, ఆ డాక్టర్ ఆపరేషన్లు చేయరు. విమానదళాల్లో ఉండే 'ఫ్లైట్ సర్జన్' సంగతీ అంతే, పైలట్ల ఆరోగ్యం చూసుకోవడమే పని. పాతకాలం సైన్యాల్లో డాక్టర్‌ని సర్జన్ అనేవాళ్లు, ఆ పిలుపు అలా ఉండిపోయింది. మన దగ్గర 'హౌస్ సర్జన్' అంటున్నట్టే. వాళ్లూ సర్జన్లు కారు కదా.

పేరు కంటే వింత ఇంకొకటుంది. ఆ కుర్చీలో తరచుగా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల డాక్టర్ కనిపిస్తారు. మెడికల్ స్కూలు అయ్యాక ఒకే ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి ఉంటారు. రెసిడెన్సీ, అంటే మన పీజీ లాంటిది, ఇంకా పూర్తి కాలేదు. 800 మందికి పైగా ఉండే పటాలానికి ఒకరో ఇద్దరో డాక్టర్లు, వాళ్లలో ఒకరు ఈయనే.

సివిలియన్ ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ అంటే రెసిడెన్సీకి మొదటి మెట్టు. మిలిటరీలో కొందరికి అలాగే ఉంటుంది. మరికొందరు ఆ మెట్టు మీదే రెండు మూడేళ్లు ఆగి, అంతవరకు నేర్చుకున్నదానితోనే నెట్టుకు రావాలి. ఎవరి వంతు ఏదో ముందుగా తెలియదు. అందుకే రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున చేసే పని, ఎంచుకునే విద్యార్థి ఇద్దరిని మనసులో పెట్టుకోవాలి. డిసెంబర్‌లో రెసిడెన్సీ సీట్లు తేల్చే సెలక్షన్ బోర్డు ఒకరు. తెల్లవారుజామున ఎయిడ్ స్టేషన్, అంటే పటాలం వైద్యశాల, ముందు కుంటుతూ వరసలో నిలబడే పందొమ్మిదేళ్ల కుర్రాడు ఇంకొకరు. ఈ ఇద్దరికీ కావలసినవి వేరు. చిక్కంతా అక్కడే.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పిల్లలు మిలిటరీ స్కాలర్‌షిప్ మాటెత్తితే తల్లిదండ్రులకు సగం గందరగోళం పదాల దగ్గరే వస్తుంది. మనకు ఇంటర్న్‌షిప్ అంటే ఎంబీబీఎస్‌లో చివరి ఏడాది, అది పూర్తయితేనే డిగ్రీ చేతికొస్తుంది. అక్కడ డిగ్రీ ముందే వచ్చేస్తుంది. ఇంటర్న్‌షిప్ ఆ తర్వాతి ఏడాది, రెసిడెన్సీలో మొదటి సంవత్సరం. రొటేషన్లు మాత్రం రెండు చోట్లా ఉంటాయి: మెడికల్ స్కూల్ మూడు, నాలుగో సంవత్సరాల్లో విద్యార్థిగా చేసేవి, తర్వాత ఇంటర్న్‌గా జీతం తీసుకుంటూ చేసేవి. పిల్లలు 'రొటేషన్ ప్లాన్ చేస్తున్నా' అన్నప్పుడు ఏ సంవత్సరం గురించి అంటున్నారో అడగండి. రెంటికీ లెక్క వేరు.

మన హౌస్ సర్జన్సీలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 52 వారాల్లో కమ్యూనిటీ మెడిసిన్ 12, గైనిక్ 7, జనరల్ మెడిసిన్ 6, సర్జరీ 6, ఇలా అన్నీ ముందే కోసి పెట్టి ఉంటాయి. ఎలెక్టివ్‌కు, అంటే మనం ఎంచుకునే విభాగానికి, మిగిలేది 4 వారాలు. ఆ నాలుగు కూడా చాలామంది నీట్ పీజీ చదువుకే వాడుకుంటారన్నది బహిరంగ రహస్యం. పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివినవాళ్లు ఫైనల్ ఎంబీబీఎస్ పాసయ్యాక లెఫ్టినెంట్‌గా కమిషన్ తీసుకుని, ఇంటర్న్‌షిప్ సైనిక ఆస్పత్రుల్లో చేస్తారు. యూనిఫాం మారుతుంది గానీ వారాల లెక్క దాదాపు ఇదే. అమెరికా మిలిటరీలో మాత్రం ఆ ఏడాది ఎక్కడ, ఏ రకంగా, ఏ వరసలో గడుస్తుందన్నదాన్ని బట్టి తర్వాతి ఐదారేళ్లు మలుపు తిరుగుతాయి.

బాకీలో లెక్కకు రాని ఏడాది

'ఈ స్కాలర్‌షిప్ మన బాండ్ లాంటిదేనా?' అనేది తర్వాతి ప్రశ్న. కొంతవరకు అలాంటిదే.

వియత్నాం యుద్ధం చివర్లో, 1973లో, అమెరికాలో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. అంతకు ముందు డాక్టర్లను కూడా అలాగే పిలిపించుకునేవాళ్లు. ఆ దారి మూసుకుపోతోందని తెలిసి 1972లోనే చట్టం చేసి రెండు ఏర్పాట్లు పెట్టుకున్నారు. ఒకటి బెథెస్డాలోని సొంత మెడికల్ స్కూల్, యూనిఫాంమ్డ్ సర్వీసెస్ యూనివర్సిటీ. అక్కడ ఫీజు లేదు, చదువుతున్నప్పుడే ఆఫీసర్ జీతం, బదులుగా ఏడేళ్ల సేవ. రెండోది హెచ్‌పీఎస్‌పీ అనే స్కాలర్‌షిప్. సీటు ఏ సివిలియన్ మెడికల్ స్కూల్లో వచ్చినా ఫీజులు, పుస్తకాలు, నెల నెలా ఖర్చులకు డబ్బు ఇస్తారు. నాలుగేళ్లు తీసుకుంటే నాలుగేళ్లు పనిచేయాలి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇది కుదరదు. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు కుదురుతుంది.

మెలిక ఏమిటంటే, ఇంటర్న్‌షిప్ ఏడాది ఈ బాకీలో జమ కాదు. కొత్త బాకీనీ తెచ్చిపెట్టదు. డిగ్రీతో పాటు ఆర్మీలో, ఎయిర్ ఫోర్స్‌లో కెప్టెన్ హోదా, నేవీలో దానికి సమానమైన లెఫ్టినెంట్ హోదా వస్తుంది. జీతం సివిలియన్ ఇంటర్న్ కంటే మెరుగ్గానే ఉంటుంది. గడియారం మాత్రం కదలదు. ఉదాహరణకు నాలుగేళ్ల స్కాలర్‌షిప్ తీసుకుని మిలిటరీలోనే నేరుగా మూడేళ్ల ఫ్యామిలీ మెడిసిన్ చేస్తే, ఆ మూడేళ్లు అయ్యాక నాలుగేళ్లు, మొత్తం ఏడు. అదే ఇంటర్న్‌షిప్ కాగానే జనరల్ మెడికల్ ఆఫీసర్‌గా (పటాలంలోనో ఓడ మీదో ఉండే డాక్టర్), అక్కడి వాడుకలో జీఎంఓగా, వెళితే ఆ కాలం బాకీలో జమ అవుతుంది. ఇంటర్న్‌షిప్ ఒకటి, జీఎంఓ నాలుగు, ఐదేళ్లకు బయటపడి సివిలియన్ రెసిడెన్సీకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. జీఎంఓ అంటే శిక్ష అనుకునేవాళ్లు ఈ లెక్క చూసి కొంచెం చల్లబడతారు. నా మటుకు, అది శిక్షా కాదు, వరమూ కాదు. తయారుగా వెళ్లారా లేదా అన్నదే తేడా.

డిసెంబర్ బోర్డు, ఆడిషన్ రొటేషన్లు

సివిలియన్ విద్యార్థులు ఏ ఆస్పత్రిలో రెసిడెన్సీ వచ్చిందో మార్చిలో తెలుసుకుంటారు. మిలిటరీ వాళ్లకు అంతకంటే మూడు నెలల ముందే తేలిపోతుంది. నవంబర్ చివర్లో, డిసెంబర్ మొదట్లో మూడు దళాల ఉమ్మడి సెలక్షన్ బోర్డు కూర్చుంటుంది. డిసెంబర్ మధ్యలో ఫలితాలు. అక్కడ నిర్ణయించేది కంప్యూటర్ కాదు, మనుషులు. మార్కులు, క్లినికల్ రొటేషన్లలో వచ్చిన అభిప్రాయాలు, పరిశోధన, ఆఫీసర్‌గా పనికొస్తారా లేదా అన్న అంచనా, వీటికి పాయింట్లు వేస్తారు. ఇదివరకే జీఎంఓగా పనిచేసి వచ్చినవాళ్లకు అదనపు బలం ఉంటుంది. ప్రోగ్రామ్ డైరెక్టర్ల మాటకు అక్కడ విలువ ఎక్కువ. అంటే మీ పేరు చదివినప్పుడు 'ఆ, తెలుసు, ఆగస్టులో మా దగ్గర చేశాడు' అనేవాళ్లు ఒకరుంటే దాని బరువే వేరు.

దానికోసమే నాలుగో ఏడాదిలో ఆడిషన్ రొటేషన్లు. స్కాలర్‌షిప్ విద్యార్థులకు ఏటా 45 రోజుల యాక్టివ్ డ్యూటీ శిక్షణ ఉంటుంది. ఆ రోజులను మిలిటరీ ఆస్పత్రిలో రొటేషన్‌కు వాడుకుంటే ప్రయాణం, బస వాళ్లే చూసుకుంటారు, ఆఫీసర్ జీతం కూడా ఇస్తారు. సీనియర్లు చెవిలో చెప్పే కిటుకు ఒకటుంది. ఈ 45 రోజులను ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ప్రకారం లెక్కిస్తారు, అది అక్టోబర్ 1న మొదలవుతుంది. మూడో ఏడాది రోజులు వాడకుండా దాచుకుంటే వాటిని జూలై, సెప్టెంబర్ మధ్యలో ఖర్చుపెట్టొచ్చు. అక్టోబర్ రాగానే కొత్త కోటా తెరుచుకుంటుంది. అలా బోర్డు కూర్చునేలోపు రెండు ఆస్పత్రుల్లో ముఖం చూపించుకోవచ్చు.

ఏ నెల, ఏ ఆస్పత్రి? కోరుకున్న స్పెషాలిటీలో ముందు సొంత కాలేజీలోనే ఒక సబ్-ఇంటర్న్‌షిప్ (ఇంటర్న్‌లా బాధ్యత తీసుకుని చేసే రొటేషన్) చేసి, చేయి కాస్త తిరిగాక ఆడిషన్‌కు వెళ్లడం మంచిది. జూలైలో వెళితే అక్కడి ఇంటర్న్‌లే కొత్తవాళ్లు. బాత్రూమ్ ఎక్కడుందో వాళ్లకే తెలియదు, మీకేం చూపిస్తారు? ఆగస్టు, సెప్టెంబర్ నయం. మొదటి ఆడిషన్ నిజంగా వెళ్లాలనుకునే చోట చేయాలి. రెండోది అదే దళంలో, సీటు వచ్చే అవకాశం ఎక్కువున్న చోట. ఏ స్పెషాలిటీలో ఎన్ని సీట్లో ప్రతి వేసవిలో ప్రకటిస్తారు కాబట్టి ఆ సంఖ్యలు చూడకుండా రెండో ఆడిషన్ ఖాయం చేసుకోవడం తొందరపాటే.

ఆస్పత్రుల పేర్లు కొన్ని తెలిసి ఉండాలి. బెథెస్డాలో వాల్టర్ రీడ్, మూడు దళాలవాళ్లకూ పరిచయమే. నేవీకి శాన్ డియాగో, వర్జీనియాలోని పోర్ట్స్‌మత్. ఆర్మీకి హోనొలులులో ట్రిప్లర్, టకోమా దగ్గర మాడిగన్. శాన్ ఆంటోనియోలోని బ్రూక్ ఆర్మీ మెడికల్ సెంటర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. రక్షణ శాఖ మొత్తంలో లెవెల్ వన్ ట్రామా సెంటర్, అంటే పెద్ద గాయాలకు అత్యున్నత స్థాయి చికిత్సా కేంద్రం, అదొక్కటే, ఊళ్లోని సామాన్య జనాన్ని కూడా చేర్చుకుంటుంది. అందువల్ల అక్కడి ఇంటర్న్ చూసే గాయాలు వేరే మిలిటరీ ఆస్పత్రుల్లో అంతగా కనబడవు.

ఇది చిన్న విషయం కాదు. మిలిటరీ ఆస్పత్రికి వచ్చేవాళ్లలో చాలామంది ఆరోగ్యవంతులైన యువకులు, వాళ్ల కుటుంబాలు. నాలుగు జబ్బులు ఒకేసారి ఉన్న ముసలివాళ్లు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు పెద్ద సివిలియన్ ఆస్పత్రులతో పోలిస్తే తక్కువ. ఆ కొరత తీర్చడానికి చాలా ప్రోగ్రామ్‌లు ఇంటర్న్‌లను ఐసీయూ, ట్రామా, పిల్లల వార్డుల కోసం బయటి ఆస్పత్రులకు పంపుతాయి. ఆడిషన్‌కు వెళ్లిన విద్యార్థి అక్కడి ఇంటర్న్‌లను పక్కకు పిలిచి అడగాల్సినవి ఇవే: ఎన్ని వారాలు బయట తిరుగుతారు? ఐసీయూలో రాత్రి మీ చేతుల మీద ఏం చేయనిస్తారు? పోయిన ఏడాది మీ బ్యాచ్‌లో ఎంతమంది నేరుగా రెండో ఏడాదికి వెళ్లారు, ఎంతమంది ఓడెక్కారు? మూడో ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు వాళ్ల ముఖం కూడా చూడండి.

ఇంకొకటి, తేలిగ్గా తీసుకునేది. యూనిఫాం సరిగ్గా కుట్టించుకుని, జుట్టు నిబంధన ప్రకారం కత్తిరించుకుని వెళ్లాలి. తెలివైన విద్యార్థి భుజం మీద బ్యాడ్జీ తలకిందులుగా పెట్టుకుని వచ్చాడంటే నాలుగు వారాలూ అదే కథ చెప్పుకుంటారు.

ఒకే పేరు, మూడు రకాల ఏడాది

ఇంటర్న్‌షిప్‌లో మూడు రకాలున్నాయి. కేటగారికల్ అంటే ఒక స్పెషాలిటీలో మొదటి ఏడాది. ప్రిలిమినరీ అంటే మెడిసిన్‌లోనో సర్జరీలోనో ఒక్క ఏడాదికి మాత్రమే సీటు. ట్రాన్సిషనల్ అంటే అన్నీ కొంచెం కొంచెం కలిపిన ఏడాది, ఎలెక్టివ్‌లు ఎక్కువ. రేడియాలజీ, మత్తు, కళ్లు, చర్మం లాంటి వాటికి వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని కోరుకుంటారు. సివిలియన్ ప్రపంచంలో ట్రాన్సిషనల్‌కు 'హాయిగా గడిచే ఏడాది' అనే పేరుంది. మిలిటరీలో దాన్ని అలా గడిపితే తర్వాత ఏడవాల్సిందే, ఎందుకంటే జీఎంఓగా వెళ్లేవాళ్లలో ఈ బాపతు ఎక్కువ.

దళాన్ని బట్టి కూడా మారుతుంది. ఆర్మీలో ఎక్కువమంది ఇంటర్న్‌షిప్ నుంచి నేరుగా రెసిడెన్సీ కొనసాగిస్తారు. ఎయిర్ ఫోర్స్ చాలామందిని సివిలియన్ ప్రోగ్రామ్‌లకు వదులుతుంది. నేవీలోనే జీఎంఓ సంప్రదాయం బలంగా ఉంటూ వచ్చింది, ఎందుకంటే మెరైన్లకు సొంత డాక్టర్లు లేరు, వాళ్లకూ నేవీయే సరఫరా చేయాలి. నేవీలో ఫ్లైట్ సర్జన్ కావాలంటే ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ఆరు నెలల కోర్సు. జలాంతర్గాములు, డైవర్ల దగ్గరకు వెళ్లే డాక్టర్ల చదువు కనెక్టికట్‌లోని గ్రాటన్‌లో మొదలవుతుంది. ఈ నిష్పత్తులు దళాల అవసరాన్ని బట్టి ఏటా అటూ ఇటూ అవుతుంటాయి. సీనియర్ చెప్పిన ఐదేళ్ల కిందటి మాట పట్టుకుని కూర్చోకూడదు.

చాలామంది ఆలస్యంగా గమనించే చిక్కు ఒకటుంది. ట్రాన్సిషనల్, ప్రిలిమినరీ ఇంటర్న్‌లు, నేవీలో ఇంకా చాలామంది, రెండో ఏడాది శిక్షణ కోసం మళ్లీ అదే బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్ జూలైలో మొదలైతే దరఖాస్తు శరదృతువులోనే. అంటే చేతిలో మూడు నెలల పని మాత్రమే ఉంటుంది. సిఫారసు లేఖలు రావాల్సింది ఆ మూడు నెలల నుంచే. మత్తు డాక్టర్ కావాలనుకునే ఇంటర్న్‌కు అనస్థీషియా రొటేషన్ ఏప్రిల్‌లో పడిందంటే, అది నేర్చుకోవడానికి పనికొస్తుంది గానీ బోర్డుకు పనికిరాదు. ఏ బ్లాక్‌లో (కొన్ని వారాల విడతలో) ఏమిటన్న షెడ్యూలు పత్రం వసంతంలో ఇంటికొస్తుంది. నింపి పంపమంటారు. చాలామంది పెళ్లిళ్లు, సెలవులు చూసుకుని నింపేస్తారు. ముందు చూడాల్సింది జూలై, ఆగస్టు, సెప్టెంబర్ గళ్లు.

సిక్ కాల్ ముందు నిలబడి చూస్తే

బోర్డు సంగతి అయింది. ఇక రెండో మనిషి, ఆ కుంటుతున్న కుర్రాడు.

ఉదయాన్నే జబ్బు చేసినవాళ్లు వచ్చి వరసలో నిలబడటాన్ని సిక్ కాల్ అంటారు. యుద్ధ వైద్యం అనగానే మనకు తూటాలు, రక్తం గుర్తుకొస్తాయి. జీఎంఓ రోజులో ఎక్కువ భాగం మోకాళ్లు, చీలమండలు, నడుములతో గడుస్తుంది. ముప్ఫై కిలోల సంచి మోసుకుని మైళ్లు నడిచేవాళ్ల ఒంట్లో మొదట మొరాయించేవి కీళ్లే. దొంగ నొప్పి ఏది, కాలి ఎముకలో సన్నని పగులు ఏది, ఎక్స్‌రే తీయించాలా అక్కర్లేదా, వీటిని చేత్తో తడిమి తేల్చుకోవాలి. చీలమండకు ఎక్స్‌రే ఎప్పుడు అవసరమో చెప్పే ఒట్టావా సూత్రాలు 1992లో కెనడాలో తయారయ్యాయి. ఎక్స్‌రే మెషిన్ రెండు గంటల దూరంలో ఉన్నచోట వాటి విలువ తెలుస్తుంది. కాబట్టి నా జాబితాలో మొదటిది స్పోర్ట్స్ మెడిసిన్, నాలుగు వారాలు. ఆర్థోపెడిక్స్‌లో ఆపరేషన్ థియేటర్ కంటే అవుట్ పేషెంట్ క్లినిక్, కట్టు గది ఎక్కువ నేర్పుతాయి.

రెండోది చర్మం. రెండు వారాలు చాలు, కానీ వదలకూడదు. చెమట, బూట్లు, ఒకే గదిలో అరవై మంది నిద్ర: తామర, గజ్జి, చీముగడ్డలు రాకుండా ఎలా ఉంటాయి? ఇందులో మనవాళ్లకు కూడా దగ్గరి సమస్య ఒకటుంది. వంకీల గడ్డం ఉన్నవాళ్లు రోజూ నున్నగా గీసుకుంటే వెంట్రుక తిరిగి చర్మంలోకే పెరిగి పొక్కులు వస్తాయి. నల్లజాతి సైనికుల్లో ఇది మరీ ఎక్కువ. మందు తేలికే, గీయడం ఆపడం. కానీ గడ్డం గీయకపోవడానికి సైన్యంలో డాక్టర్ రాసిచ్చిన అనుమతి కావాలి, ఆ కాగితం చుట్టూ బోలెడు రాజకీయం. ఇలాంటివి పుస్తకంలో ఉండవు.

మూడోది సైకియాట్రీ. మెడికల్ స్కూల్లో చేసేశాం కదా అని కొట్టిపారేసే రొటేషన్ ఇదే, తర్వాత రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనిదీ ఇదే. పద్దెనిమిదేళ్లకు ఇల్లు వదిలి వచ్చినవాళ్లు, విడాకులు, మద్యం, ఆయుధాలు అందుబాటులో ఉండటం. 'వీణ్ణి ఈ రాత్రి ఒంటరిగా వదలొచ్చా?' అన్నది జీఎంఓ తేల్చాలి. పైగా అక్కడ డాక్టర్‌కు రోగి ఒక్కడే కాదు, కమాండర్ కూడా ఉంటాడు. కమాండర్‌కు ఎంత చెప్పాలి, ఎంత చెప్పకూడదు అన్నది సివిలియన్ ఆస్పత్రిలో రాని సమస్య. మిలిటరీ సైకియాట్రీ వార్డులో నెల రోజులు ఉంటే ఆ సంభాషణ ఎలా నడుస్తుందో కళ్లారా చూడొచ్చు.

ఎమర్జెన్సీ ఎలాగూ ఉంటుంది. అక్కడ నేర్చుకోవాల్సింది మందుల పేర్లకంటే ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్న తీర్పు. నడిసముద్రంలో కడుపునొప్పి వచ్చిన నావికుణ్ణి పంపాలంటే హెలికాప్టర్ లేవాలి, ఒక్కోసారి ఓడే దారి మార్చుకోవాలి. పంపితే ఖర్చు, పంపకపోతే ప్రాణం. ఇప్పుడు ఓడల మీద ఆడవాళ్లు గణనీయంగా ఉన్నారు. ఆ కడుపునొప్పి గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలవడం వల్ల వచ్చిందేమో అన్న అనుమానం డాక్టర్‌కు వెంటనే రావాలి. గైనిక్ అంటే కాన్పులే అనుకునే మగ ఇంటర్న్‌లు ఎక్కువ. వాళ్లకు పనికొచ్చేది కాన్పుల వార్డు కంటే గర్భనిరోధక సాధనాలు అమర్చే క్లినిక్.

అనస్థీషియాలో రెండు వారాలు, గొంతులోకి ట్యూబ్ వేయడం, మాస్కుతో ఊపిరి అందించడం చేతికి పట్టేదాకా. కంటి క్లినిక్‌లో వారం, ఇనుప రజను తీయడం కోసం. పంటి చీముకు మత్తు సూది ఎలా వేయాలో ఏ డెంటిస్ట్‌నైనా బతిమాలి ఒక మధ్యాహ్నం నేర్చుకుంటే చాలు.

ఎండ గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. రెంటచింతల పేరు వింటేనే చెమట పట్టే మనకు వడదెబ్బ కొత్త కాదు. కానీ సైనికుడికి వచ్చేది వేరు. నీడలో ఉన్న ముసలాయనకు వచ్చేది కాదు, పరుగు పోటీలో గెలవాలనుకునే ఉక్కులాంటి కుర్రాడికి వచ్చేది. తేమ, ఎండ, గాలి కలిపి లెక్కించే సూచీ 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే నల్లజెండా ఎగరేసి కఠిన వ్యాయామం ఆపేస్తారు. అయినా ఎవడో ఒకడు పడిపోతాడు. ఆస్పత్రికి తీసుకెళ్లే లోపే మంచునీళ్లలో ముంచి చల్లబరచాలి. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చుంటే మెదడు, కాలేయం దెబ్బతింటాయి. ప్రివెంటివ్ మెడిసిన్ విభాగంలో రెండు వారాలు గడిపితే ఇది, తాగునీటి పరీక్ష, టీకాల లెక్కలు ఒకేచోట దొరుకుతాయి. ఎవరూ అడగని రొటేషన్ కాబట్టి సులువుగా ఇస్తారు.

ఐసీయూ మాటేమిటి? ఓడ మీద ఐసీయూ నడపరు కదా అనొచ్చు. కానీ నిజంగా జబ్బుపడ్డ మనిషి ఎలా ఉంటాడో అక్కడే తెలుస్తుంది. ఆ పోలిక మనసులో లేకపోతే సిక్ కాల్‌లో వందమంది మధ్య ఆ ఒక్కణ్ణి పోల్చుకోలేరు. రేడియాలజీ ఎలెక్టివ్ తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికెళ్లడం మీద నాకు కోపం లేదు, కాకపోతే అల్ట్రాసౌండ్ పట్టుకోవడమైనా నేర్చుకుని వెళ్లండి.

ఇవన్నీ ఇంటర్న్‌షిప్ ఏడాదిలో పడతాయా? ట్రాన్సిషనల్ వాళ్లకు చాలావరకు పడతాయి. కేటగారికల్ మెడిసిన్ వాళ్లకు ఎలెక్టివ్ ఒకటో రెండో బ్లాకులు, సర్జరీ వాళ్లకు అదీ అనుమానమే. వారానికి సగటున 80 గంటల పరిమితి మిలిటరీ ప్రోగ్రామ్‌లకూ వర్తిస్తుంది. ఆ గంటలన్నీ వార్డులే తినేస్తాయి. అందుకని మెడికల్ స్కూల్ చివరి నెలలను వృథా చేయకూడదు. డిసెంబర్‌లో ఫలితం వచ్చేశాక జనవరి నుంచి మే దాకా ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. తోటి సివిలియన్ విద్యార్థులు మార్చి దాకా గోళ్లు కొరుక్కుంటూ ఉంటారు, మీకు ఆ టెన్షన్ లేదు. చర్మం, కన్ను, స్పోర్ట్స్ మెడిసిన్, అనస్థీషియా అప్పుడు పెట్టుకోవచ్చు. యూరప్ యాత్ర కూడా పెట్టుకోండి, కానీ ఐదు నెలలూ యాత్రే అయితే కష్టం.

కాగితాలు

స్టెప్ 3, అంటే అమెరికా డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో చివరిది, తర్వాత ఏదో ఒక రాష్ట్రపు లైసెన్సు. రెండూ లేకుండా జీఎంఓగా పంపరు. లైసెన్సు ఏ రాష్ట్రానిదైనా మిలిటరీ ఆస్పత్రులన్నిటా చెల్లుతుంది. చాలా రాష్ట్రాలు ఒక ఏడాది శిక్షణ చాలంటాయి, కొన్ని ఎక్కువ అడుగుతాయి, కాబట్టి దరఖాస్తుకు ముందు చూసుకోవాలి. పరీక్షను నవంబర్, జనవరి మధ్య తేలికపాటి బ్లాక్‌లో రాసేస్తే మంచిది. ఐసీయూ నెలలో పెట్టుకున్నవాళ్లకు దండం. లైసెన్సు దరఖాస్తు ఫిబ్రవరికల్లా వెళ్లిపోవాలి, ఎందుకంటే వేలిముద్రలు, కాలేజీ ధ్రువపత్రాలు, పాత రికార్డులు అన్నీ ఒకేసారి రావు. యాక్టివ్ డ్యూటీలో ఏడాదికి 30 రోజుల సెలవు జమ అవుతుంది గానీ ఇంటర్న్‌కు అన్ని రోజులూ వాడుకోనివ్వరు. చెల్లెలి పెళ్లి హైదరాబాద్‌లో ఉంటే తేదీ షెడ్యూలు నింపేటప్పుడే తెలియాలి, ముహూర్తం తర్వాత చెబుతాం అంటే అక్కడ నడవదు.

జూన్ చివర్లో సామాన్ల లారీ వస్తుంది. కొందరు పెన్సకోలాకు, కొందరు కాలిఫోర్నియాలోని మెరైన్ల స్థావరం క్యాంప్ పెండిల్‌టన్‌కు. వెళ్లిన చోట జీఎంఓ కింద కోర్‌మన్‌లు ఉంటారు, అంటే నేవీ వైద్య సహాయకులు. చాలామంది వయసులో చిన్నవాళ్లే, కానీ వాళ్లలో ఒక సీనియర్ ఉంటాడు, పదిహేనేళ్ల సర్వీసు, రెండు మూడు యుద్ధరంగాలు చూసినవాడు. హోదాలో డాక్టర్ పెద్ద, అనుభవంలో ఆయన పెద్ద. మొదటి వారం ఆయన దగ్గర కూర్చుని 'ఇక్కడ ఎక్కువగా ఏమొస్తాయి?' అని అడిగి రాసుకోవాలి. ఆ కాగితం పక్కన ఇంకో కాగితం ఉండాలి: ఆ ఏడాదిలో పరిచయమైన చర్మం డాక్టర్, ఆర్థో, సైకియాట్రిస్ట్, గైనిక్ ఫోన్ నంబర్లు. రాత్రి రెండింటికి పేరు, ముఖం లేకుండా ఒక దద్దురు ఫోటో పంపి 'సార్, ఇది తామరేనా, ఇంకేదైనానా?' అని అడిగితే విసుక్కోకుండా జవాబిచ్చేంత చనువు రెండు వారాల రొటేషన్‌లో వస్తుంది.